వాగు పనికి కుర్రకారు: చెత్త ఏరడానికా, నీళ్లు కొలవడానికా?

గట్టుమీద: పట్నం కుర్రాళ్లు వాగు దగ్గరికి ఒకసారి వస్తారు, ఫొటో దిగుతారు, మళ్లీ కనపడరు. తప్పు మనం ఇచ్చే పనిది. ఏరిన కవర్లు వచ్చే వానకు మళ్లీ చేరతాయి. ఊపులో నీళ్లలోని దుంగల్నీ లాగేస్తారు, చేపపిల్లలు దాక్కునేదే వాటి కింద. దాని బదులు నెలకోసారి ఒకే చోట, ఒకే వేళకు పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం), ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్ కొలిపించండి.

నీటిలెక్క: ఏ వేళకు? నాచు పట్టిన వాగులో మధ్యాహ్నం ఆక్సిజన్ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటొచ్చు, తెల్లారగట్ల 3కి పడొచ్చు. చేపలు చచ్చేది అప్పుడే. పదకొండింటికి కొలిచి బాగుందనే బదులు కొలవకపోవడం నయం.

ఆదివారంబ్యాచ్: తెల్లారగట్ల ఎవరొస్తారండీ?

గట్టుమీద: అయితే పురుగులు చూడండి. 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) కన్నుల వలను ప్రవాహానికి ఎదురుగా పట్టి, దానికి ఎగువన మూడు నిమిషాలు కాలితో రాళ్లు కదపాలి. వలలో పడ్డవాటిని తెల్ల ట్రేలో నీళ్లు పోసి వదలాలి. మేఫ్లై, స్టోన్‌ఫ్లై (మురుగుకు తట్టుకోలేని రెక్కల పురుగులు) పిల్లలు రకరకాలుగా దొరికితే నీళ్లు నయమే. ఎర్ర పురుగులు, ట్యూబిఫెక్స్ (బురదలో బతికే సన్నటి వానపాముల్లాంటివి) తప్ప ఇంకేం లేకపోతే మురుగు కలుస్తున్నట్టే.

నీటిలెక్క: ఇసుక అడుగున్న వాగులో నీళ్లు మంచివైనా స్టోన్‌ఫ్లై అరుదు. అదీ తప్పుడు లెక్కే. పీహెచ్ మీటరును 4, 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూడకుండా నింపిన షీట్లు ఎవరికీ పనికిరావు.

చిన్నచేప: సరిచూసి నింపినవి మాత్రం ఎవరు తెరుస్తున్నారు? మీక్కావాల్సింది జీతం అడగని ల్యాబ్ అసిస్టెంట్లు.

నీటిలెక్క: మాట జారకండి.

చిన్నచేప: జారలేదు. వాన లేని రోజున వాననీటి పైపు పారుతోందంటే ఎవరో అందులో వాడిన నీళ్లు వదులుతుండొచ్చు. బ్రైటెనర్ (బట్టలు తెల్లగా కనపడడానికి సబ్బులో కలిపే మెరుపు రసాయనం) లేని ముడి దూదిని జాలీలో కట్టి పైపు నోట వారం ఉంచండి. కడిగి, ఆరబెట్టి, చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు వేయండి. నీలంగా మెరిస్తే బట్టల సబ్బు. ఎగువ పైపులకూ ఒక్కోటి కడుతూ పోతే ఏ వీధిదో తేలుతుంది. కుర్రాళ్లకు ఈ పని ఎందుకివ్వరు?

గట్టుమీద: వీధివాళ్లతో పేచీ పడితే రేపు వాగులోకి దిగనివ్వరు కాబట్టి.

చిన్నచేప: అదీ, ఇప్పుడొచ్చింది అసలు సంగతి. ఎవరికీ కోపం రాని పనే కుర్రాళ్లకిస్తారు, ఆపైన నిలవరంటారు.

గట్టుమీద: గొడవైతే ముందు నిలబడాల్సింది ఆ పిల్లలే. మీరు కాదు, నేను కాదు.

నీటిలెక్క: మ్యాన్‌హోల్ మూత మాత్రం వాళ్లచేత తీయించొద్దు, లోపల విషవాయువులుంటాయి. మురుగు చేరని ఎగువ నీళ్లలోనూ ఒక దూది కట్టాలి. పోల్చడానికి అది లేకపోతే మిగతావన్నీ దండగ.

ఆదివారంబ్యాచ్: లైటు ఎన్ని నానోమీటర్లది కొనాలి?

నీటిలెక్క: 365. 395 అయితే దాని ఊదా వెలుగులోనే మెరుపు కలిసిపోతుంది.