ఆల్ప్ ద్యూజ్ మీద టూర్ ద ఫ్రాన్స్: సైకిల్ గ్రూపును తీసుకెళ్లేవాళ్ల చర్చ

మాదాపూర్_పెడల్
టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు చూడటానికి 2026 జులై 24, 25 తేదీలకు ఎనిమిది మందితో ఫ్రాన్స్ వెళ్లాలని ప్లాన్. బస ఆల్ప్ ద్యూజ్ కొండ కింద ఉన్న బూర్-ద్వాజాన్ (బూర్) ఊళ్లో. 24న గాప్ ఊరి నుంచి వచ్చే 19వ స్టేజీ (ఒక రోజు రేసు), 25న బూర్-ద్వాజాన్‌లోనే మొదలయ్యే 20వ స్టేజీ, రెండూ ఆల్ప్ ద్యూజ్ మీదే ముగుస్తాయి. గ్రూపులో ముప్పై నుంచి యాభై అయిదేళ్ల దాకా ఉన్నారు. అందరూ వంద కిలోమీటర్లు తొక్కగలరు గానీ పెద్ద కొండలు అలవాటు లేదు. రోడ్డు ఎప్పుడు మూస్తారు, వ్యాన్ ఎక్కడ పెట్టాలి, సైకిళ్లు ఇక్కణ్నుంచి మోసుకెళ్లాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లియోన్_తెలుగు
ముందు రోడ్డు సంగతి. మిగతావన్నీ దాని వెనకే.

ఆల్ప్ ద్యూజ్ ఎక్కే డి211 రోడ్డును కార్లకు ముందురోజే మూసెయ్యడం మామూలే. సైకిళ్లను రేసు రోజు కూడా కొంతసేపు వదులుతారు. ఆ కొంతసేపు ఎంతన్నది మాత్రం మలుపు దగ్గర నిలబడ్డ పోలీసు ఇష్టం. ఒక మలుపులో వదిలినవాణ్ని పై మలుపులో దింపి నడిపిస్తారు. క్లీట్ బూట్లతో (అడుగున పెడల్‌కి బిగుసుకునే ముక్క ఉన్నవి) ఆ వాలు మీద మూడు కిలోమీటర్లు నడిస్తే క్లీట్లూ పోతాయి, మడమలూ పోతాయి. కాబట్టి ఉదయం ఏడున్నరకల్లా కింది నుంచి బయల్దేరాలి, పదకొండుకల్లా నిలబడాల్సిన చోట ఉండాలి.

నిర్వాహకుల సైట్లో ప్రతి స్టేజీకీ టైమ్‌టేబుల్ పెడతారు. అందులో ఒక్కో ఊరికి ప్రచార కారవాన్ (రేసు ముందు వచ్చే ప్రకటనల బండ్ల ఊరేగింపు) టైము, ఆ పక్కన రైడర్లు వచ్చే టైము మూడు రకాల సగటు వేగాలకు ఉంటాయి. ప్లాన్ ఎప్పుడూ వేగంగా వచ్చే గడిని బట్టి వెయ్యండి. కారవాన్ రైడర్ల కంటే రమారమి రెండు గంటలు ముందొస్తుంది. అది వచ్చాక రోడ్డు మీద ఎవరూ కదలడానికి ఉండదు. మూసివేత ఉత్తర్వులు ఇజేర్ జిల్లా యంత్రాంగం కొన్ని వారాల ముందు ఇస్తుంది. అవి చూడకుండా వ్యాన్ ప్లాన్ ఖాయం చెయ్యకండి.

రెండు రోజులూ ఒకేలా ఉండవు. 24న రైడర్లు డి211 మీదుగానే, అంటే 21 మలుపుల రోడ్డు మీదుగా వస్తారు. 25న క్రువా ద ఫెర్, టెలిగ్రాఫ్, గలిబియే కనుమలు ఎక్కి, లొతారే కనుమ మీదుగా దిగి, సరేన్ కనుమ వైపు నుంచి పైకొస్తారు. 25న కూడా పైకే వెళ్తామంటే అదే జనంలో రెండోసారి ఇరుక్కోవడమే. నా మాట వింటే ఆ రోజు షాంబోన్ డ్యామ్ దగ్గర నిలబడండి. బూర్ నుంచి సుమారు 15 కిలోమీటర్లు. సరేన్ ఎక్కుడు మొదలయ్యే చోట రైడర్లు అప్పటికే చెల్లాచెదురై ఉంటారు, ఒక్కొక్కళ్ల మొహం చూడొచ్చు. రేసు దాటాక అరగంటలో బసకు దిగిపోవచ్చు. దారిలో సొరంగాలున్నాయి, వెనక ఎర్రలైటూ ముందు తెల్లలైటూ తప్పనిసరి.

కొండఎక్కుడు
డ్యామ్ కంటే లొతారే మంచిదంటాను అన్నా. 2058 మీటర్లు, బూర్ నుంచి 38 కిలోమీటర్లు, వాలు ఎక్కడా చంపదు. గలిబియే నుంచి దూసుకొచ్చేవాళ్లు కనిపిస్తారు. దిగేటప్పుడు రోడ్డు వెడల్పు.

లియోన్_తెలుగు
బలమైన నలుగురికైతే సరే. 24న ఆల్ప్ ఎక్కి, రాత్రి ఆలస్యంగా పడుకున్నవాళ్లకి మర్నాడు మళ్లీ 1300 మీటర్ల ఎక్కుడు, ఆపైన ఎండలో నాలుగ్గంటలు నిలబడటం కష్టం. గ్రూపును రెండుగా చీల్చేట్టయితే రెండు వైపులా ఒక్కో గైడు ఉండాలి.

చివరిబండి
అందరూ ఎక్కడం గురించే అడుగుతారు. గైడుకి అసలు పని దిగేటప్పుడే.

ఆఖరి రైడరు, ఆ వెనక చీపురు వ్యాన్ (రేసు మానేసినవాళ్లని ఎక్కించుకునేది), ఆ తర్వాత ముగింపు బోర్డున్న పోలీసు బండి పోతాయి. అది దాటగానే రోడ్డు తెరిచినట్టే అనుకుని జనం ఒక్కసారిగా దిగుతారు. నడిచేవాళ్లు, తాగినవాళ్లు, పిల్లల్ని భుజాన ఎత్తుకున్నవాళ్లు, వాళ్ల మధ్యలోంచి హారన్ కొడుతూ టీమ్ కార్లు, బస్సులు. ఇందులో సైకిల్ మీద దిగితే దిగుడు పొడవునా బ్రేకు నొక్కిపట్టి ఉండాలి. చేతులు తిమ్మిరెక్కుతాయి. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకు, కార్బన్ చక్రమైతే రిమ్ కాగిపోతుంది. లేటెక్స్ ట్యూబు ఉంటే పగలొచ్చు కూడా, ఆ ట్యూబులు ఈ యాత్రకి వద్దే వద్దు.

అందుకని పైనే ఉండిపోవాలి. ఏదైనా తిని, రేసు ముగిసిన గంటన్నర, రెండు గంటల తర్వాత కదలాలి. జులై ఆఖర్లో అక్కడ తొమ్మిది దాకా వెలుతురుంటుంది, తొందరేం లేదు. అయితే 1850 మీటర్ల ఎత్తులో సాయంత్రం చలి పట్టుకుంటుంది. గాలికోటు, మోచేతుల మీదికి వచ్చే ఆర్మ్ వార్మర్లు, పలచటి పూర్తి గ్లవ్స్ పొద్దున్నే జేబులో పెట్టించాలి. వ్యాన్‌లో ఉన్నాయిలే అనుకుంటే వ్యాన్ రాదు.

ఇంకో దారి ఉంది. ఊఎజ్ ఊరి దగ్గర్నుంచి విలార్ రెక్యులా మీదుగా అల్మోన్‌కి దిగే చిన్న రోడ్డు. ఇరుకు, అంచు పక్కన లోయ, కానీ జనం తక్కువ. ఆ రోజు దాన్ని తెరిచి ఉంచుతున్నారో లేదో ముందే కనుక్కోండి. రెండు రోజుల ముందు గ్రూపుతో ఒకసారి దిగి చూపిస్తే ఆ రోజు భయం ఉండదు.

ఫోన్లను నమ్మొద్దు. అంత జనంలో నెట్‌వర్క్ చచ్చిపోతుంది, మెసేజ్ గంట తర్వాత వస్తుంది. ప్రతి ఒక్కరికీ చిన్న కాగితం ఇవ్వండి. పై మీటింగ్ చోటు, టైము, అక్కడ దొరక్కపోతే కింద ఏ చోటికి ఎన్నింటికి, బస పేరు, అత్యవసరానికి 112. కలుసుకునే చోటుగా మలుపు నంబరు రాయండి. కింద 21తో మొదలై పైకి వెళ్లేకొద్దీ తగ్గుతూ 1కి వస్తాయి. ఇది తెలియక పై నుంచి లెక్కపెట్టి వేరే చోట కూర్చునేవాళ్లు ప్రతి గ్రూపులో ఒకరుంటారు. 7వ మలుపు మాత్రం పెట్టకండి. అది డచ్చివాళ్ల అడ్డా, నారింజ రంగు జాతరలో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు.

గేర్‌పిచ్చి
లెక్కలు నా వంతు.

ఆల్ప్ ద్యూజ్ ఎక్కుడు 13.8 కిలోమీటర్లు, వాలు సగటు 8.1 శాతం, అంటే 1100 మీటర్లకు పైగా ఎత్తు. మనిషి, సైకిలు, నీళ్లు కలిపి 85 కిలోలు అనుకుంటే గంటకు 8 కిలోమీటర్ల వేగానికి దాదాపు 165 వాట్లు కావాలి. గంటా నలభై అయిదు నిమిషాలు పడుతుంది. వారాంతపు రైడర్లకి ఇది నిజాయితీగా చెప్పే టైము.

ఆ వేగంలో గేరు చక్రానికి ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే కాలు నిమిషానికి 63 సార్లు తిరుగుతుంది. వెనక 28 మాత్రమే ఉంటే 52. అసలు చిక్కు మొదటి రెండు కిలోమీటర్లు, అక్కడ వాలు పది శాతానికి పైనే. అదే 165 వాట్లకి వేగం ఆరున్నరకి పడిపోతుంది. 34-28 మీద కాలు నిమిషానికి 43 దగ్గర మోకాలితో తోస్తుంటుంది. అక్కడే అందరూ దమ్ము ఖర్చుపెట్టేస్తారు, మిగతా పన్నెండు కిలోమీటర్లు ఏడుస్తారు. 34 పళ్ల దాకా ఉన్న క్యాసెట్ (వెనక గేరు చక్రాల గుత్తి) వెయ్యండి. వెనక డిరైలర్ (గేరు మార్చేటప్పుడు చైనును జరిపే భాగం) పొట్టి కేజ్‌ది అయితే 34 పట్టకపోవచ్చు. అది ఎన్ని పళ్ల చక్రం దాకా పడుతుందో మోడల్ నంబరుతో చూసుకుని, అవసరమైతే దాన్ని కూడా మార్చి, చైను పొడవు మళ్లీ కొలవాలి. పాత పొట్టి చైనుతో ముందూ వెనకా పెద్ద చక్రాల మీదే పెడితే డిరైలర్ ఊడి చేతికొస్తుంది.

ప్రాక్టీసుకి: హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పున్న ట్రాక్ 23 కిలోమీటర్లు బాగుంటుంది గానీ చదును. అక్కడ ఎన్ని రౌండ్లు కొట్టినా కొండకి పనికిరాదు. వారానికొకసారి ట్రైనర్ మీద 60-70 తిప్పులతో ఆపకుండా గంటన్నర, ఒక వారాంతం హార్స్‌లీ హిల్స్. వీలైతే మసినగుడి నుంచి ఊటీకి 36 మలుపుల కల్హట్టి ఘాట్. కల్హట్టి వాలు ఆల్ప్ ద్యూజ్ కంటే దారుణం, అది ఎక్కినవాడికి ఇక్కడ గేరు గురించి చెప్పక్కర్లేదు.

స్పోక్‌నిప్పిల్
సైకిళ్లు: ఎనిమిది మందిలో ప్రత్యేక కొలతలవాళ్లు తప్ప అందరూ అద్దెకే తీసుకోండి. ఎందుకంటే సైకిళ్లు ప్యాక్ చేసే డబ్బాలు. ఒక్కో డబ్బా 130×80×30 సెంటీమీటర్లు అనుకుంటే ఎనిమిదీ కలిపి రెండున్నర ఘనమీటర్లు. తొమ్మిది సీట్ల వ్యాన్‌లో మనుషులు కూర్చున్నాక వెనక అంత చోటుండదు. ఎయిర్‌పోర్టు దగ్గర ఈ సంగతి తెలిస్తే రెండో బండికి ఆ పూట అడిగినంత ఇవ్వాల్సిందే. అయితే రేసు వారానికి అద్దె సైకిళ్లు కూడా నెలల ముందే అయిపోతాయి. ఎత్తు, శాడిల్ ఎత్తు, పెడల్ రకం, క్యాసెట్ అన్నీ రాసి బుక్ చెయ్యాలి. సొంత పెడళ్లు, శాడిల్ పట్టుకెళ్తే చాలు.

తెచ్చుకునేవాళ్లకి: వెనక డిరైలర్‌ను హ్యాంగర్ (దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) నుంచి విప్పి, బబుల్ షీటు చుట్టి, చైన్‌స్టే (చైను పక్కన ఉండే ఫ్రేము గొట్టం) లోపలికి కట్టండి. విమానంలో ఎక్కువగా వంగేది హ్యాంగరే. పైకి బాగానే కనిపిస్తుంది, మొదటి కొండ మీద ఆఖరి గేరు వెయ్యగానే డిరైలర్ వెళ్లి స్పోకుల్లో ఇరుక్కుంటుంది. బిగించాక చక్రం తిప్పుతూ చైనును వెనక పెద్ద గేరు చక్రం మీదకి వేసి స్పోకులకీ డిరైలర్‌కీ మధ్య సందు చూడాలి. మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ ఒకటి అదనంగా ఉంచుకోండి. ఒకదానిది ఇంకోదానికి పట్టదు, ఊళ్లో దుకాణంలో దొరుకుతుందన్న నమ్మకం లేదు.

డిస్క్ బ్రేకు ప్యాడ్ల మధ్య స్పేసర్ (అడ్డు ముక్క) పెట్టండి, లేదంటే ఎవరో లివర్ నొక్కి పిస్టన్లు అతుక్కుంటాయి. ప్యాడ్ మందం అర మిల్లీమీటరుకి చేరితే మార్చాల్సిందే. ఈ యాత్రకి కొత్తవే వేసుకెళ్లండి. స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే భాగం) బోల్టులు దాని మీద రాసిన టార్క్‌కే బిగించాలి, చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు. ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుందని మర్చిపోవద్దు. టైర్లో గాలి నింపే గ్యాస్ క్యాట్రిడ్జ్‌లు సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, అక్కడే కొనుక్కోండి. పవర్ బ్యాంకు చేతి సామానులో.

లియోన్_తెలుగు
కాగితాల పని కూడా చెప్తాను. ఫ్రాన్స్‌లో డబ్బు తీసుకుని సైకిల్ రైడ్ నడిపించాలంటే తగిన డిప్లొమా, క్రీడా శిక్షకుడి ప్రొఫెషనల్ కార్డు ఉండాలి. హైదరాబాద్ నుంచి గ్రూపు లీడరు ఫీజు తీసుకుని ముందు తొక్కుతానంటే కుదరదు. టికెట్లు, హోటలు మీరు చూసుకుని రోడ్డు మీదకి స్థానిక గైడును పెట్టుకోండి. వాళ్లకి పోలీసుతో మాట్లాడే భాష కూడా వచ్చు, రేసు రోజు అదే సగం బలం.

మామూలు కారు లైసెన్సుతో నడిపే వ్యాన్ డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్లు దాటకూడదు. ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడే తీసుకోండి. పైన సైకిళ్లు కడితే ఎత్తు కొలిచి డాష్‌బోర్డు మీద అంటించండి, పార్కింగ్ కడ్డీలు రెండు మీటర్ల దగ్గరే ఉంటాయి. 24 రాత్రికి వ్యాన్ బూర్ నడిబొడ్డున పెట్టొద్దు. మర్నాడు స్టార్ట్ అక్కడే, పొద్దున్నే దిగ్బంధం.

షెంజెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు. మేలో చూద్దాంలే అంటే స్లాట్లు దొరకవు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలు వీసాకి సరిపోతుంది గానీ పాలసీలో సైక్లింగ్ కవరవుతుందా అని చదవండి.

చివరిబండి
ఒకటి మరిచాను, ఇది మనవాళ్లకే ప్రత్యేకం. అక్కడ కుడివైపు తొక్కాలి. జనంలో ఉన్నంతసేపు అందరూ సరిగ్గానే వెళ్తారు. ఖాళీ రోడ్డు మీద ఫొటోకి ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడు అలవాటుగా ఎడమకి పోతారు. దిగుడు మలుపు తిరిగాక కూడా అంతే, ఎదురొచ్చే కారు దారిలో తేలతారు. మొదటి రోజు హ్యాండిల్‌బార్ కుడి పక్క ఎర్ర టేపు వెయ్యండి, ప్రతి ఆగుడు తర్వాత వెనక గైడు "కుడి" అని అరవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు చట్టప్రకారమే కుదరదు. గంట ఉండాలి.

మాదాపూర్_పెడల్
చాలా థ్యాంక్స్ అండీ, అద్దె సైకిళ్లకి ఇవాళే మెయిల్ పెడతాను. తిండి? ముగ్గురు శాకాహారులు.

కొండఎక్కుడు
వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. కొండ ఊళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంట ఆపేస్తారు, మళ్లీ రాత్రి ఏడుకే. ఆదివారం మధ్యాహ్నం తర్వాత సూపర్‌మార్కెట్ కూడా మూసి ఉండొచ్చు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్తే రేసు రోజు ఒక్కొక్కళ్లకి డబ్బాలో పులిహోర. ఉప్పు, పులుపు, పిండిపదార్థం, పాడవదు, ఇంతకంటే ఏం కావాలి. మూడు పిన్నుల ప్లగ్ అక్కడ దూరదు, అడాప్టరు మర్చిపోకండి. ఎక్కేటప్పుడు గంటకి 60 గ్రాముల దాకా పిండిపదార్థం, ముప్పావుగంటకి అరలీటరు నీళ్లు. పైన గంటల తరబడి ఎండలో ఉంటారు కాబట్టి మనిషికి ఇంకో లీటరున్నర. ఊరి కొళాయిల్లో తాగకూడనివాటికి బోర్డు ఉంటుంది, చూసి పట్టండి.

చివరిబండి
నిలబడే చోటు గురించి: మలుపు బయటి అంచున వద్దు, లోపలి గట్టు మీద, రోడ్డు కంటే ఎత్తులో. కెమెరా పట్టీ మణికట్టుకి చుట్టి ఉండాలి, బ్యాగు పట్టీలు వేలాడకూడదు. 2018లో ఇదే కొండ మీద ఇటలీ రైడరు నిబాలి పడిపోయి వెన్నుపూస విరగ్గొట్టుకున్నాడు, ప్రేక్షకుడి కెమెరా పట్టీ తగులుకుందనే చెప్పారు. సైకిళ్లను రెయిలింగ్‌కి లోయ వైపు ఆనించి, రెండేసి కలిపి తాళం వెయ్యండి. రోడ్డు వైపు హ్యాండిల్ ఒక్క అంగుళం పొడుచుకొచ్చినా పోలీసు వచ్చి తీయించేస్తాడు.