మూలుగ ‘అంటుకుందా’, ‘పట్టిందా’?

పోస్టు (అనంతపురం):
డిగ్రీ పిల్లల కోసం చిట్టెలుకల్లో మూలుగ మార్పిడి పాఠం తెలుగులో రాస్తున్నా. ‘ఎన్‌గ్రాఫ్ట్‌మెంట్’ దగ్గర రెండు రోజులుగా ఆగిపోయినా. ‘అంటుకుంది’ అని రాస్తే మా చెల్లెలు చదివి, “ఎలుకలకు ఏం రోగం అంటుకుందక్కా?” అనింది!

సంగతేమంటే, చిట్టెలుకకు ఒళ్లంతా సుమారు 9–10 గ్రే రేడియేషన్ ఇస్తే దాని సొంత మూలుగ చచ్చిపోతుంది. వేరే మూలుగ ఎక్కించకపోతే రెండు మూడు వారాల్లో ఎలుకా పోతుంది. ఎక్కిస్తే ఆ కణాలు రక్తంలో తిరిగి ఎముకల్లోకి చేరి, అక్కడే కుదురుకుని కొత్త రక్తం చేస్తాయి. ఆ కుదురుకోవడానికి మాట కావాలి.

జవాబు (కడప):
అక్కా, మాది చీనీ (బత్తాయి) నర్సరీ. జంబేరి అనే నిమ్మజాతి మొక్క బెరడు కోసి, అందులో చీనీ కన్ను దూర్చి, ప్లాస్టిక్ పేలికతో బిగించి కడతాం. విప్పినప్పుడు కన్ను పచ్చగా ఉంటే ‘అంటు పట్టింది’ అంటాం. నల్లబడితే ‘పోయింది’. పట్టినాక జంబేరి తల కొట్టేస్తాం, లేకుంటే బలమంతా దానికే పోతుంది. మీ రేడియేషన్ చేసేదీ ఇదే కదా?

పోస్టు చేసినావిడ:
సగమే, తమ్ముడూ. మీరు తల తర్వాత కొడతారు, ఇక్కడ ముందే కొట్టాలి. పైగా చోటు ఖాళీ చేస్తే సరిపోదు, ఎలుక రక్షణ కణాలనూ అణచాలి. డోసు తగ్గితే ఆ రక్షణ కణాల్లో మిగిలిన టి కణాలు, రేడియేషన్‌కు అంత సులువుగా లొంగని ఎన్‌కె కణాలు కలిసి పరాయి మూలుగను తరిమేస్తాయి. అచ్చం ఒకే వంశపు ఎలుకదైతే ఆ తగాదా ఉండదు. ‘పట్టింది’ మాత్రం ఖాయం చేసుకున్నా. ఒక పుస్తకంలో ‘ఆమోదించింది’ అని చూసినా, ఎలుక ఫైలు మీద సంతకం పెట్టినట్టుంది.

జవాబు (కర్నూలు, రిటైర్డ్ తెలుగు టీచర్):
బాగుందమ్మా. మరి తిరస్కరణకు? మనం ‘ఆ మందు నాకు పడదు’ అంటాం కదా, ఆ ‘పడదు’ వాడి చూడు.

పోస్టు చేసినావిడ:
సార్, భలే! ఎక్కించిన మూలుగే తిరగబడి ఎలుక చర్మాన్ని, పేగుల్ని, కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు ఇంకొకటుంది. దానికీ ఇదే పనికొస్తుంది. తిరస్కరిస్తే ‘ఒంటికి మూలుగ పడలేదు’, తిరగబడితే ‘మూలుగకు ఒళ్లు పడలేదు’. ‘కు’ జరిగితే చాలు, జబ్బే మారిపోతుంది.