చవకలో ఆడియో బేబీ మానిటర్: ఏం చూసి కొనాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా పాపకి మూడో నెల. పగటిపూట పై గదిలో పడుకుంటుంది, నేను కింద వంటింట్లో ఉంటాను. మిక్సీ వేసినా, కుళాయి తిప్పినా ఏడుపు వినపడదు. మొన్న పైకి వెళ్ళేసరికి ముఖం కందిపోయి, వెక్కివెక్కి ఏడుస్తోంది. ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో తెలియదు. అప్పటి నుంచి ఐదు నిమిషాలకోసారి మెట్లెక్కి దిగుతున్నాను. పాప గదిలో ఒక యూనిట్, మన దగ్గర ఒక యూనిట్ పెట్టుకునే బేబీ మానిటర్ కొందామనుకుంటున్నాం. కెమెరా ఉన్నవి మా బడ్జెట్‌కి అందవు, చప్పుడు వినిపిస్తే చాలు. కానీ చవక వాటి మీద అనలాగ్, డెక్ట్, 2.4 గిగాహెర్ట్జ్, వాక్స్ అని ఏవేవో రాసి ఉన్నాయి. ఏది చూసుకోవాలి? పాత ఫోన్లు రెండున్నాయి, వాటితో సరిపెట్టుకోవచ్చా?

జవాబు

కంగారు పడకండమ్మా. మా ఇద్దరు పిల్లలకీ ఆడియో మానిటరే వాడాం, కెమెరా లేని లోటు ఎప్పుడూ అనిపించలేదు.

కొనేముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. మానిటర్‌లోంచి చప్పుడు రావట్లేదంటే పాప నిద్రపోతూ ఉండొచ్చు, లేదా మానిటరే ఆగిపోయి ఉండొచ్చు. వినేవాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి. మేం మొదట కొన్నదానికి బ్యాటరీ అయిపోతోందని చెప్పే ఏర్పాటే లేదు. బాబు హాయిగా పడుకున్నాడనుకుని ముప్పావుగంట బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. తీరా చూస్తే నా దగ్గరున్న యూనిట్ మీద లైటే లేదు. వాడు పక్కగదిలో ఏడ్చి ఏడ్చి అలసిపోయాడు. ఆ రోజు నేను పడ్డ బాధ ఇంకెవరూ పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. సిగ్నల్ తెగిపోతే బీప్ కొట్టాలి, బ్యాటరీ తగ్గితే ముందే చెప్పాలి. ఈ రెండూ లేనిది ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఇక ఆ పేర్ల సంగతి. అనలాగ్ అంటే మామూలు రేడియో లాంటిది. గరగర ఎక్కువ. అదే ఫ్రీక్వెన్సీలో ఇంకో మానిటర్ దగ్గర్లో ఉంటే వాళ్ళ మాటలు మీకు, మీ మాటలు వాళ్ళకి వినిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ మీద వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఉంటాయి, కాబట్టి రద్దీ. ఛానెళ్ళు తనంతట తనే మార్చుకునే రకమైతే ఫర్వాలేదు. డెక్ట్ అనేది కార్డ్‌లెస్ ఫోన్ల కోసం వచ్చిన డిజిటల్ పద్ధతి. దానికి వేరే బ్యాండ్ ఉంది కాబట్టి వైఫైతో పేచీ లేదు, మాట శుభ్రంగా వస్తుంది. ధర కాస్త ఎక్కువైనా నా ఓటు దానికే. ఎవరైనా విదేశం నుంచి తెస్తామంటే మాత్రం ఆగండి. యూరప్ డెక్ట్ 1880–1900 మెగాహెర్ట్జ్‌లో, అమెరికాది 1920–1930లో నడుస్తాయి. ఒకచోటి యూనిట్ ఇంకోచోట వాడటం నిబంధనలకు విరుద్ధం కావచ్చు, అడాప్టర్ వోల్టేజీ తేడా మరొకటి.

డబ్బా మీద 300 మీటర్లు అని ఉంటే అది అడ్డం ఏమీ లేని మైదానంలో లెక్క. ఇంట్లో డెక్ట్‌కి మామూలుగా చెప్పేది 50 మీటర్లు. మధ్యలో గోడలు, స్లాబు ఉంటే ఇంకా తగ్గుతుంది.

జోలపాటలు, రంగుల లైట్లు, గది వేడి చూపించే అంకెలు ఉన్నాయని ఎక్కువ పెట్టకండి. 1937లో జెనిత్ కంపెనీ ‘రేడియో నర్స్’ అని ఒకటి తెచ్చింది, దాని రూపం గీసింది శిల్పి ఇసాము నొగూచి. ఒక గది చప్పుడు ఇంకో గదికి చేర్చడమే దాని పని. మీకు కావలసిందీ అంతే.

ఇంకో జవాబు

అన్నగారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. వాక్స్ అంటే గదిలో చప్పుడు వస్తేనే మానిటర్ మేల్కొంటుంది, మిగతాప్పుడు మౌనం. బ్యాటరీ ఆదా అవుతుంది కానీ కొన్నిట్లో ఏడుపు మొదటి క్షణం తెగిపోతుంది, చిన్న మూలుగు అసలు రాదు. సెన్సిటివిటీ, అంటే ఎంత చప్పుడుకి మేల్కోవాలన్నది, మార్చుకునే వీలుందో లేదో చూడండి. మిక్సీ దగ్గర నిలబడేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది లైట్ల వరస గురించి. చప్పుడు పెరిగేకొద్దీ ఒక్కో లైటు వెలుగుతుంది. పాప కదిలితే ఒకటీ రెండూ, ఏడుపు అందుకుంటే చివరి ఎర్ర లైటు దాకా. చెవికి అందకపోయినా కంటికి అందుతుంది.

పాత ఫోన్లలో మానిటర్ యాప్ వేసి నాలుగు రోజులు వాడి చూశాను. వైఫై ఆగితే అంతే. ఫోన్ బ్యాటరీ మిగుల్చుకోడానికి యాప్‌ని తనంతట తనే మూసేస్తుంది. ప్రయాణంలో అవసరానికి సరే, రోజూ దాని మీదే ఆధారపడలేం.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు అక్కా. మానిటర్ తీగ ఉయ్యాలకీ మంచానికీ కనీసం మూడు అడుగుల దూరంలో ఉండాలి. ఆ తీగలు మెడకి చుట్టుకుని పసిపిల్లలు పోయిన సంఘటనలు ఉన్నాయి. అలాగే ఇది ఏడుపు వినిపిస్తుందే తప్ప ఊపిరిని కనిపెట్టదు. పాపని వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీదే పడుకోబెట్టండి.

మళ్ళీ అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్. లైట్ల వరస, బీప్ రెండూ ఉన్న డెక్ట్ ఒకటి తెచ్చుకున్నాం. మొదటిరోజే పై గదిలో ఆయన్ని మాట్లాడమని, నేను ఇల్లంతా తిరిగాను. పెరట్లో బట్టలారేసే చోటికి వెళ్ళగానే బీప్ కొట్టింది. అంటే అక్కడికి వెళ్ళేటప్పుడు పాపని వెంట తీసుకెళ్ళాలి. ఇంకో సందేహం. ఫ్యాన్ హోరు నిరంతరం వినిపిస్తోంది, పాప చిన్నగా ఊ కొట్టినా లైట్లు వెలుగుతున్నాయి. ప్రతిసారీ పరుగెత్తాలా?

జవాబు

అక్కర్లేదు. ఈ వయసు పిల్లలు నిద్రలోనే మూలుగుతారు, చేతులాడిస్తారు, ఒక్కోసారి ఏడ్చి మళ్ళీ సర్దుకుంటారు. రెండు లైట్ల దగ్గర ఆగితే ఒక నిమిషం వినండి. ఏడుపు ఆగకుండా పెరుగుతుంటే వెళ్ళండి. పాప గదిలోని యూనిట్‌ని ఫ్యాన్ గాలి నేరుగా తగలని మూలకి జరపండి, సెన్సిటివిటీ ఒక మెట్టు తగ్గించండి. తగ్గించాక మళ్ళీ ఒకసారి ఆయన్ని పైన మెల్లగా మాట్లాడమని, కింద మిక్సీ వేసి చూసుకోండి.