అలెగ్జాండ్రియా రేవు నిలిచింది, కోరంగి పూడింది. ఎందుకని?

యానాం_పాయ:
నైలు, గోదావరి రెండూ ఒండ్రు మోసేవే. ఓడలు కట్టిన కోరంగి ఇప్పుడు మడ అడవి పక్కనున్న చిన్న ఊరు. క్రీ.పూ. 331లో అలెగ్జాండరు మొదలుపెట్టిన రేవుకి మాత్రం ఈ రోజుకీ ఓడలొస్తున్నాయి. డెల్టా పక్కనే ఉండి అదెలా నిలిచిందండీ?

కాకినాడ_హార్బర్:
డెల్టాకి ఏ పక్కన ఉందో చూడండి. అక్కడ తీరం వెంబడి ఇసుక పడమర నుంచి తూర్పుకి నడుస్తుంది. నైలు మొగల్లోంచి దిగిన ఒండ్రు చాలావరకు తూర్పుకే పోయేది. రేవు పడమటి కొసన, సున్నపురాతి గట్టు మీద ఉంది, ముందు ఫారోస్ దీవి కాపు. మన దగ్గర ఏడాది మొత్తం మీద ఇసుక ఉత్తరానికే ఎక్కువ పోతుంది. కోరంగి పక్కనున్న కాకినాడ రేవు గోదావరి మొగలకి ఉత్తరానే ఉంది. దాని ముందున్న హోప్ ఐలాండ్ ఆ ఇసుకతో పెరిగిందే. అలలకి అడ్డం నిలిచేది అదే, దాని వెనకాల నీరు నెమ్మదించి బురద దిగేదీ అందుకే. అడుగు బురద తోడే డ్రెడ్జింగ్ ఆపితే లోతు దక్కదు.

లాకుల_దారి:
అక్కడా పూడిక లేకపోలేదండి. ఫారోస్‌కీ ఒడ్డుకీ మధ్య సుమారు 1,200 మీటర్ల కట్ట వేశారు, పేరు హెప్టాస్టాడియన్. పడవలు దాటడానికి సందులు వదిలినా నీటి పోకడ తగ్గి, కట్టకి రెండు వైపులా ఇసుక మేట వేసింది. ఇప్పుడు దాని మీద పేటలున్నాయి. రేవు మాత్రం రెండుగా చీలి మిగిలింది.

ఊరికి అసలు దెబ్బ తగిలింది కాలవ దగ్గర. తాగునీరు, ధాన్యం నైలు కనోపిక్ పాయ నుంచి కాలవలోనే రావాలి. ఆ పాయ పూడిపోయింది, కాలవనీ మళ్ళీ మళ్ళీ తవ్వాల్సొచ్చింది. రేవులో లోతున్నా ఊళ్ళో నీళ్ళు లేకపోతే ఎవరుంటారు? 18వ శతాబ్దం చివరికి జనం కొన్ని వేలకి పడిపోయారు. ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ తవ్వించిన మహమూదియా కాలవ 1820లో పూర్తయ్యాకే పత్తి వ్యాపారంతో ఊరు మళ్ళీ లేచింది. ఆ తవ్వకంలో వేలమంది కూలీలు చనిపోయారు, ఆ సంగతి వదిలేసి కాలవని పొగడకూడదు.

యానాం_పాయ:
కోరంగిని 1789, 1839 తుపానులు ముంచాయి కదండీ. వాళ్ళకి అలాంటివి రాలేదా?

కాకినాడ_హార్బర్:
వచ్చాయండి. క్రీ.శ. 365 జులై 21న సునామీ. 1303 భూకంపానికి ఫారోస్ మీది దీపస్తంభం బాగా దెబ్బతింది, 1477లో ఆ చోటే ఖైత్‌బే కోట లేచింది. అయినా కింద రాయి ఉంది కాబట్టి ఊరు నిలిచింది. తూర్పున మెత్తటి డెల్టా మట్టి మీదున్న హెరాక్లియన్ రేవు మాత్రం నేల కుంగి సముద్రంలో కలిసింది. 2000లో అబూకిర్ అఖాతంలో, ఒడ్డుకి ఆరు కిలోమీటర్ల పైచిలుకు దూరాన దొరికింది.