ఈ తపస్సు కాలంలో న్యూస్ మానేద్దామనుకుంటా ఉండా, అది తప్పించుకోవడమా?

కొండకింద (తిరుపతి):
అందరికీ వందనాలు. ఎల్లుండి (2026 ఫిబ్రవరి 18) విభూది బుధవారం కదా, ఈస్టర్ ముందు వచ్చే మన నలభై రోజుల తపస్సు కాలం ఆ రోజే మొదలు. మా ఇంట్లో ఈస్టర్ దాకా మటన్ చికెన్ బంద్, చిన్నప్పటి నుంచి అంతే. నిజం చెప్పాలంటే అది నాకు కష్టమే కాదు. మా వీధిలో పెరటాసి నెల (వెంకన్న స్వామికి మొక్కుకునే నెల) వస్తే సగం ఇళ్ళల్లో కూర ఉండదు, తర్వాత అయ్యప్ప మాలలు, నిన్న శివరాత్రికి కాళహస్తి పోయొచ్చినోళ్ళు ఇంకా నిద్రపోతా ఉండారు, రంజాన్ కూడా ఈ వారమే మొదలవుతుంది, అంటే ఈ ఊర్లో ఏదో ఒకటి మానడం అనేది ఎవరికీ వింత కాదు.

అందుకే ఈసారి ఫోన్లో న్యూస్ మానేద్దామని అనుకున్నా. రాత్రి జపమాల అయిపోతానే ఫోన్ తీస్తా, గాజా, ఉక్రెయిన్, సూడాన్, దాని కింద కామెంట్లు, ఆ కామెంట్లకి నా రిప్లైలు, పన్నెండు దాటిపోతుంది. ఆదివారం పూజలో ఫాదర్ ప్రసంగం చెప్తా ఉంటే నా బుర్ర ఎవడికో ఏం సమాధానం పెట్టాలా అని తిరుగుతా ఉంటుంది. ఇది ఆఫీసులో ఫ్రెండ్‌కి చెప్తే "అక్కడ పిల్లోళ్ళు చస్తా ఉంటే నువ్వు కళ్ళు మూసుకుని దాన్ని భక్తి అంటావా" అన్నాడు. ఆ మాట గుచ్చుకునింది. మీరేమంటారు? (అసలు ఈ నలభై రోజులు బైబిల్లో యాడుండాయి అనే చర్చ వద్దు ప్లీజ్, అది పోయిన సంవత్సరం అయిపోయింది)

మామిడితోట (చిత్తూరు):
మానేయ్ బ్రదర్, ఇందులో ఆలోచించేదేముంది. శ్రీసభ (కథోలిక చర్చి) రూల్ చూస్తే చానా చిన్నది. ఉపవాసం తప్పనిసరి అనేది రెండు రోజులే, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే), అదీ 18 నిండినోళ్ళ నుంచి 59 దాకా. మాంసం మానడం అయితే ఆ రెండు రోజులూ శుక్రవారాలూ, 14 నిండినోళ్ళకి. మిగతాది మనం ఇష్టపడి చేసేదే. ఫ్రాన్సిస్ పోపు గారు 2020లో విభూది బుధవారం నాడే చెప్పినారు, టీవీ ఆపి బైబిల్ తెరవండి, ఫోన్ పక్కన పెట్టి సువార్త పట్టుకోండి అని. జనాలు ఒకరినొకరు తిట్టుకోవడం గుడ్ మార్నింగ్ చెప్పినంత మామూలైపోయింది అని కూడా ఆ రోజే అన్నారు. మీ కామెంట్ల సంగతి విన్నాక నాకు అదే గుర్తొచ్చింది, తప్పుగా అనుకోవద్దు. ఆయన సొంతంగా 1990 జూలై నుంచి టీవీ చూడలేదు, మరియ తల్లికి మొక్కుకున్నారంట.

రేణిగుంట పిల్ల:
అన్నా, న్యూస్ ఆపేయడం కొందరికి కుదిరే పని, అందరికీ కాదు. మా అక్క కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తుంది. మన వైపు, కడప వైపు ఇట్లాంటి ఇళ్ళు ఎన్ని ఉండాయో మీకు తెలుసు. పోయిన జూన్‌లో ఖతార్‌లో ఉండే అమెరికా స్థావరం మీద ఇరాన్ మిసైళ్ళు వేసిన రాత్రి మా అమ్మ టీవీ ముందు నుంచి కదల్లేదు, సంగటి ముద్ద పళ్ళెంలో అట్లే ఎండిపోయింది. ఆమెకి పోయి "టీవీ ఆపి బైబిల్ తెరువమ్మా" అని చెప్పగలరా? ఆ రాత్రి టీవీ చూడటమే ఆమె ప్రార్థన అంటాను నేను.

ఇంకోటి, విభూది బుధవారం తర్వాత శుక్రవారం పూజలో యెషయా 58వ అధ్యాయమే చదువుతారు. నాకు ఇష్టమైన ఉపవాసం ఏందంటే బంధించినోళ్ళని విడిపించడం, ఆకలిగొన్నోళ్ళకి పెట్టడం, నీ సొంత రక్తాన్ని చూసి మొహం తిప్పుకోకపోవడం అని దేవుడే అంటాడు అందులో. మీ ఫ్రెండ్ క్రైస్తవుడో కాదో నాకు తెలీదు గానీ ఆయన అడిగింది ఆ అధ్యాయంలోదే.

పాత ఉపదేశి:
ఇద్దరి మాటా వింటా ఉండా. మామిడితోట చెప్పింది నిజమే గానీ సగమే. టీవీ చూడని ఆ ఫ్రాన్సిస్ పోపు గారే గాజాలో ఉండే ఒకే ఒక్క కథోలిక గుడికి, తిరుకుటుంబ దేవాలయానికి, 2023 అక్టోబర్‌లో యుద్ధం మొదలైనప్పటి నుంచి దాదాపు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. ఈరోజు ఏం తిన్నారు, ఎట్లుండారు, ఇంతే, రెండు మూడు నిమిషాలు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా చేసినారు. ఆఖరి ఫోన్ 2025 ఏప్రిల్ 19, పవిత్ర శనివారం. మర్నాడు ఈస్టర్, గొంతు సరిగ్గా లేవలేదు, కాల్పులు ఆపండి అనే ఆయన సందేశం వేరేవాళ్ళు చదివినారు, సోమవారం పొద్దున పోయినారు. పేపర్ ఒకటే, అదీ పది నిమిషాలు చదువుతాను అని తనే ఒకసారి చెప్పుకున్నారు. అంటే మన కన్నా చానా తక్కువ న్యూస్ చూసి, మన కన్నా చానా ఎక్కువ మందిని పట్టించుకున్నారు. తమ్ముడూ, నువ్వు రాత్రి పన్నెండు దాకా చూసిన దాంట్లో గాజా ఎంత, కామెంట్లలో నీ గెలుపు ఎంత? కోపంగా అడగడం లేదు, నా మనవడినీ ఇదే అడిగినా.

రేణిగుంట పాపా, మీ అమ్మది వేరే, ఆమె కూతురి కోసం చూసింది. దాన్ని మానమని ఏ ఫాదరూ చెప్పడు.

ఇంకో సంగతి, చానా మంది పట్టించుకోరు. పవిత్ర శుక్రవారం గుడిలో పట్టే కానుక మన విచారణకి (మన ఊరి చర్చికి) కాదు, పవిత్ర భూమికి పోతుంది, యెరూషలేము, బేత్లెహేము వైపు ఉండే గుళ్ళకీ, స్కూళ్ళకీ, అక్కడి క్రైస్తవులకీ. ఈ ఏర్పాటు 1974లో ఆరవ పౌలు పోపు గారు గట్టిగా స్థిరపరిచినారు. మనోళ్ళు సిలువ ముద్దు పెట్టుకునే తొందర్లో జేబులో చిల్లర వేసి వచ్చేస్తారు. ఈసారి ఏప్రిల్ 3న వస్తుంది. మానిన మటన్ లెక్క కట్టి, ఆ డబ్బులు కవర్లో పెట్టి వెయ్యి. కిలో ధర నాకంటే నీకే బాగా తెలుసు. పోయిన జూలై 17న ఆ గాజా గుడి మీదే గుండు పడి ముగ్గురు పోయినారు, ఫాదర్‌కి కూడా దెబ్బ తగిలింది. వాళ్ళని తలుచుకుని రాత్రి జపమాలలో ఒక్క రహస్యం, అంటే ఒక భాగం, చెప్పు, ఫోన్ ఇంకో గదిలో పెట్టి.

కొండకింద (తిరుపతి):
థ్యాంక్స్ పెద్దాయనా. కామెంట్లు పూర్తిగా మానేస్తా, యాప్ తీసేసినా ఇప్పుడే. న్యూస్ పొద్దున పేపర్ ఒక్కటే, మా నాయన చదివినాక. మటన్ లెక్క కట్టి చూసినా, అమ్మో, ఇంత తింటా ఉండామా మేము! చెల్లీ, అక్క కోసం మేమూ ప్రార్థన చేస్తాం, పేరు వద్దులే, దేవుడికి తెలుసు. ఒక డౌట్, బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కపెడితే 46 వస్తా ఉండాది, ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై, అంటే ఆదివారాలు లెక్కలోకి రావు కదా, మరి ఆదివారం కామెంట్లు పెట్టొచ్చా?

మామిడితోట (చిత్తూరు):
వచ్చినాడయ్యా లాయరు. ఆదివారం మటన్ తిను, ఎవరూ ఏమీ అనరు. కామెంట్ల సంగతి మాత్రం పాపసంకీర్తనంలో (పాపాలు ఒప్పుకునేటప్పుడు) ఫాదర్‌నే అడుగు.