ఎంఎస్ ఉన్న మా అక్కకి ఆలోచన నెమ్మదిస్తోంది, తెలిసినవాళ్లు దారి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా అక్కకి 41 ఏళ్లు, విజయవాడలో హైస్కూల్లో లెక్కల టీచర్. ఎనిమిదేళ్ల కిందట మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, అంటే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు) అని తేలింది. మందులు మానకుండా వాడుతోంది, నడక బాగానే ఉంది. చూసినవాళ్లెవరికీ జబ్బున్నట్టే తెలీదు. అదే ఇప్పుడు చిక్కయింది.

మొన్న పప్పుకి తాలింపు పెడుతుంటే ఫోన్ మోగింది. నేను వంటింట్లోకి వెళ్లేసరికి ఆవాలు మాడి పొగలొస్తున్నాయి. అక్క చేతిలో కరివేపాకు రెబ్బ పట్టుకుని, తర్వాత ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడిపోయింది. క్లాసులో లెక్కలు బాగానే చెబుతోంది, కానీ ఇద్దరు పిల్లలు ఒకేసారి అడిగితే అందుకోలేకపోతోంది.

ఎంఆర్ఐలో కొత్త మచ్చలు లేవుగానీ మెదడు పరిమాణం కాస్త తగ్గిందని రాశారు. మచ్చలు పెరగకపోయినా మెదడు లోపలుండే థాలమస్ లాంటి భాగాలు కుంచించుకుపోవచ్చనీ, ఆలోచన వేగం తగ్గడానికీ దానికీ సంబంధం ఉందనీ చదివాను. డాక్టర్‌ని అడిగితే "టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఇంటికొచ్చి అక్క చాలాసేపు ఏడ్చింది.

ఆలోచన వేగం చూడటానికి, గుర్తులకి అంకెలు జతచేసే ఎస్‌డీఎంటీ అనే 90 సెకన్ల పరీక్ష ఉంది కదా. హైదరాబాద్ నిమ్స్‌లోగానీ బెంగళూరు నిమ్హాన్స్‌లోగానీ ఎవరైనా చేయించుకున్నారా? జ్ఞాపకశక్తి, ఆలోచన లాంటివి పరీక్షించే న్యూరోసైకాలజిస్ట్ తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారా? జ్ఞాపకశక్తికి ఇచ్చే శిక్షణతో రోజువారీ పనుల్లో నిజంగా తేడా తెలిసిందా?

ఇంకొకటి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఎంఎస్ ఉంది. పైకి కనపడని ఈ ఇబ్బందిని సర్టిఫికెట్‌లో ఎలా రాయించుకున్నారు? జూన్‌లో బళ్లు తెరిచేలోపు హెడ్మాస్టర్‌గారితో మాట్లాడాలి, దయచేసి మీ అనుభవం చెప్పండి.