టర్కిష్‌లో "నేను" ఎప్పుడు అనాలి, ఎప్పుడు మింగేయాలి?

నకిరేకల్ అమ్మాయి:

అందరికీ నమస్తే. అమ్మతో కూచుని టర్కీ సీరియళ్లు చూసీ చూసీ ఆ భాష మీద పిచ్చి పట్టింది, ఆరు నెలల నుంచి ఫోన్‌లో యాప్ పెట్టుకుని నేర్చుకుంటున్నా. మొదటి వారంలోనే బెన్, సెన్, ఓ, బిజ్, సిజ్, ఒన్లార్ అని ఎక్కాలు అప్పజెప్పినట్టు బట్టీ పట్టేశా. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు. ఆరు మాటలే కదా, ఇందులో ఏముంది అనుకున్నా.

ఇప్పుడు పరేశాన్ అవుతున్నా. భాష నేర్చుకునేవాళ్ల గ్రూపులో ఒక టర్కీ అమ్మాయి పరిచయమైంది, తనకు రోజూ నాలుగు వాక్యాలు రాస్తా. బెన్ గెలియోరుమ్, బెన్ చాయ్ ఇచియోరుమ్, బెన్ ఇది, బెన్ అది. (ఇచియోరుమ్ అంటే తాగుతున్నా. నాకు మాత్రం ప్రతిసారీ ఎవరికో చాయ్ ఇచ్చినట్టే వినపడుతుంది.) తప్పేమీ లేదు గానీ ఎన్నికల్లో నిలబడ్డావా, ఇన్నిసార్లు నేను నేను అంటున్నావ్ అని నవ్వింది. సరే అని బెన్, సెన్ అన్నీ తీసేయడం మొదలుపెట్టా. అదే కొంప ముంచింది. ఒకరోజు వాళ్లమ్మ వీడియో కాల్‌లోకి వస్తే, సెన్ అనాలా సిజ్ అనాలా అనే గొడవే లేకుండా తెలివిగా "నసిల్సిన్" అని మాత్రం అన్నా. ఎట్లున్నారు అని అడిగాననే అనుకున్నా. ఆమె నవ్వింది గానీ నా స్నేహితురాలి ముఖం మారిపోయింది. ఎందుకో అడగడానికి సిగ్గేసింది.

ఇంకోటి, బెన్‌కి "కి" చేరిస్తే బనా అవుతుందట, ఎక్కడి నుంచి వచ్చింది ఆ "అ"? ఓ అంటే ఆయన, ఆమె, అది మూడూ ఒకటే అంటే వాళ్లకి గందరగోళం కాదా? తెలిసినవాళ్లు జర చెప్పండి.

పాలమూరు పక్షి:

చెల్లె, నేను యాప్‌లో నేర్చుకోలేదు, గల్ఫ్‌లో ఒక టర్కీ కంపెనీ సైట్‌లో ఐదేళ్లు సెంట్రింగ్ పని చేస్తూ చెవులతో నేర్చుకున్నా, కాబట్టి వ్యాకరణం అడగకు, వాడకం అడుగు.

ముందు ఆ వాళ్లమ్మ సంగతి. నువ్వు సెన్ అనే మాట తీసేశావ్ గానీ నసిల్సిన్ చివర ఉన్న "సిన్" ఎక్కడికి పోయింది? అదే "నువ్వు". మనం "ఎట్లున్నవ్" అంటే అందులో నువ్వు అన్న మాట లేదు, అయినా పెద్దమనిషిని అట్లా అడిగితే ఊరుకుంటాడా? నువ్వు అన్నది "ఎట్లున్నవ్" రూపు, అది నసిల్సిన్. నువ్వు అనాల్సింది "ఎట్లున్నరు" రూపు, అది నసిల్సినిజ్. మాట దాచిపెట్టినా తోక దొరికిపోతుంది. సిన్, సున్ లాంటివి నువ్వు తోకలు, సినిజ్, సునుజ్ మీరు తోకలు. గెలియోర్సున్ అంటే వస్తున్నవ్, గెలియోర్సునుజ్ అంటే వస్తున్నరు. ఒక్క మనిషే ఎదురుగా ఉన్నా మర్యాదకి సిజ్ తోకే, అచ్చం మన మీరు లాగా.

అయితే మరీ భయపడకు. అక్కడ పిల్లలు అమ్మానాన్నల్ని సెన్ అనే అంటారు. మన పల్లెల్లో "నాయినా, నువ్వు తిన్నవా" అంటే మర్యాద తక్కువైనట్టా? గట్లనే. దేవుడికి మొక్కేటప్పుడు కూడా సెన్‌యే. కొత్తవాళ్లు, పెద్దవాళ్లు, ఆఫీసు, వీళ్లకి సిజ్. దగ్గరైతే వాళ్లే సెన్ అనమంటారు, అనేదాకా ఆగు. వాళ్లమ్మని "తెయ్జె" అని పిలువు, పిన్ని అన్నట్టు ఉంటుంది, బయటి పెద్దావిడల్ని కూడా అట్లనే పిలుస్తారు. మా మేస్త్రీని ఉస్తా అనేవాళ్లం, పెద్దవాడు ఎవడైనా అబి, అంటే అన్నా.

బెన్ ఎప్పుడు అనాలంటే, నొక్కి చెప్పాల్సి వచ్చినప్పుడు. "గోడ ఎవరు కట్టారు?" అంటే "బెన్" అంటా. "ఆయన పోతుండు, నేను పోను" అనేటప్పుడు అంటా. మిగతా అప్పుడు తోక చాలు. తెలుగులో కూడా "నేను వస్తున్నా, నేను తింటున్నా, నేను పంటున్నా" అని వరసగా ఎవడన్నా అంటాడా? యాప్ ఇంగ్లీషోళ్ల కోసం తయారు చేసింది, నువ్వు ఆ ఇంగ్లీషు గుండా టర్కిష్ నేర్చుకుంటున్నావ్. పక్కనే ఉన్న ఊరికి హైదరాబాద్ మీద నుంచి పోయినట్టు.

ఒక్కటి మాత్రం యాదిపెట్టుకో, ఈ తోకలు రెండు రకాలు. "వస్తున్నాం" గెలియోరుజ్, కానీ "వచ్చాం" గెల్దిక్. ఆ "క్" చూసి నేను మొదట వేరే మాట అనుకున్నా. వచ్చాను గెల్దిమ్, వచ్చావ్ గెల్దిన్, వచ్చాడైనా వచ్చిందైనా ఒకటే, గెల్ది.

తెలుగు పంతులు రిటైర్డ్:

అమ్మా, నేను నల్లగొండలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి. టర్కిష్ మా మనవడితో పాటు సరదాకి మొదలుపెట్టా, వాడు మానేశాడు, నేను మానలేదు. పాలమూరు తమ్ముడు చెప్పిన తోకల మాట నూటికి నూరుపాళ్లు నిజం, కానీ తోక క్రియకే కాదు, పేరుకి కూడా వస్తుంది, అక్కడే నాకు ఒళ్లు పులకరించింది.

"నేను టీచర్ని" అంటాం. ఆ "ని" ఏమిటి? "నిన్ను, వాణ్ణి"లో ఉన్న ద్వితీయ కాదది. "నువ్వు టీచర్‌వి, మేం టీచర్లం" అని మారుతుంది చూడండి, అంటే ఎవరిని గురించి చెబుతున్నామో ఆ గుర్తు నామవాచకం చివరే తగిలిస్తున్నాం. ఇంగ్లీషుకి ఈ సౌకర్యం లేదు, హిందీకి లేదు. టర్కిష్‌కి ఉంది. ఓరెత్మెన్ అంటే టీచర్, ఓరెత్మెనిమ్ నేను టీచర్ని, ఓరెత్మెన్సిన్ నువ్వు టీచర్‌వి, ఓరెత్మెనిజ్ మేం టీచర్లం. ఒక తేడా, మనం "టీచర్లం" అని బహువచనం కూడా చేస్తాం, వాళ్లు టీచర్‌ని ఏకవచనంలోనే ఉంచి "మేం" గుర్తు తగిలిస్తారు.

ఓరెత్మెనిమ్‌కి ఇంకో అర్థం కూడా ఉంది, "నా టీచర్". బడిలో పిల్లలు పంతుల్ని పిలిచేది కూడా ఈ మాటతోనే. రెండూ ఒకేలా రాస్తారు, పలకడంలో తేలుతుంది. "నేను టీచర్ని" అనేటప్పుడు ఊనిక "మెన్" మీద, "నా టీచర్" అనేటప్పుడు చివరి "నిమ్" మీద. నా చెవికి ఇది పట్టడానికి రెండు నెలలు పట్టింది.

ఇక బనా. స్వరమైత్రి ప్రకారం, అంటే మాటలోని అచ్చుకి తగ్గట్టు ప్రత్యయంలోని అచ్చు మారే పద్ధతి ప్రకారం, బెన్‌కి "ఎ" చేరి "బెనె" కావాలి, సెన్ "సెనె" కావాలి. కాలేదు, బనా, సనా అయ్యాయి. మిగతావి బుద్ధిగానే ఉన్నాయి, బిజె, సిజె, ఒనా. మీరు తెలుగు మాట్లాడుతూ దీనికి ఆశ్చర్యపోవడమే నాకు ఆశ్చర్యం. "నేను"కి "కు" చేరిస్తే "నేనుకు" అవుతోందా? నాకు. "నువ్వుకు" కాదు, నీకు. "అదికి" కాదు, దానికి. ఎక్కువ వాడిన నాణెం ఎక్కువ అరుగుతుంది. "ఓ" కూడా చూడండి, ప్రత్యయం రాగానే మధ్యలో "న" దూరుతుంది, ఒను, ఒనా, ఒన్దా, ఒన్దన్. మన దాని, వాని లాగే.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. "నాకు కారు ఉంది" అనడానికి వాళ్లు "బనా" వాడరు, "బెనిమ్ అరబమ్ వార్" అంటారు, అంటే నా కారు ఉంది అన్నట్టు. మీరు తెలుగు అలవాటుతో బనా అరబా వార్ అని రాస్తారు, నేనూ రాశా, తప్పు. కానీ మన బడి వ్యాకరణం గుర్తుందా, "కి, కు, యొక్క, లో, లోపల" అన్నీ షష్ఠీ విభక్తే. కు, యొక్క రెండూ ఒకే గదిలో పడేశారేమిటి అని పిల్లలు అడిగితే నా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. మనం "నాకు ఉంది" అన్నచోట "నా యొక్క ఉంది" అనే భాష ఒకటుంది. దగ్గర అనే అర్థంలో అయితే బెందె, "బెందె పారా యోక్", నా దగ్గర పైసలు లేవు.

అన్నట్టు ఆయన, ఆమె బదులు పేరు వాడితే చివర బేయ్, హనిమ్ అంటారు, మన గారు లాగా పేరు తర్వాత. హైదరాబాద్ నీలోఫర్ దవాఖాన తెలుసు కదా, ఆ నీలోఫర్ 1931లో నిజాం ఇంటికి కోడలుగా వచ్చిన ఒట్టోమన్ వంశపు అమ్మాయి, ఆమె బిరుదు హనిమ్‌సుల్తాన్. ఆ హనిమే ఇది.

దేవరకొండ దక్కనీ:

పంతులు గారి పోస్టు రెండుసార్లు చదివా. మా ఇంట్లో దక్కనీ, బయట తెలుగు, కాబట్టి నా సమస్యలు కొంచెం వేరు.

అక్కా, ఓ గురించి అడిగావు కదా. వాళ్లకి గందరగోళం లేదు, గందరగోళమంతా మనకే, సబ్‌టైటిల్ రాసేవాడికే. సీరియల్లో ఒకడు తలుపు చాటున నిలబడి "ఓ గెల్ది" అంటాడు. వచ్చింది మగమనిషో ఆడమనిషో చూసేవాళ్లకి తెలియకూడదు, అదే సస్పెన్స్. తెలుగులో రాయాలంటే వచ్చాడా, వచ్చిందా, వచ్చారా, ఏదో ఒకటి రాసి చావాలి. "తను" అని తప్పించుకుందామన్నా క్రియ దగ్గర దొరికిపోతాం. ఇంకో సుఖం, ఆడమనిషిని "అది" అంటే మన దగ్గర చెప్పుతో కొడతారు, అక్కడ కుర్చీకీ కలెక్టర్‌కీ ఓ ఒక్కటే, ఎవరికీ అవమానం లేదు. మరీ మర్యాదగా అనాలంటే "కెందిసి" అంటారు, అసలు అర్థం తాను. కర్దెష్ కూడా అంతే, తమ్ముడైనా చెల్లె అయినా కర్దెషే.

తలుపు తడితే "కిమ్ ఓ?" అంటారు. మాటకి మాట "ఎవరది?". జవాబు "బెనిమ్". నేనే. ఇదే బెనిమ్ "నా" కూడా.

బిజ్ దగ్గర మాత్రం తెలుగువాళ్లకి ఇబ్బంది. మనం, మేము తేడా అక్కడ లేదు. మా దక్కనీలో హమ్ ఒక్కటే కాబట్టి నాకు ఏమీ అనిపించలేదు, మా ఫ్రెండ్ మాత్రం "బిజ్ గిదియోరుజ్" అంటే నన్ను కూడా తీసుకుపోతున్నారా లేదా అని అడుగుతూనే ఉంటాడు.

అసలు దెబ్బ ఇవేవీ కాదు, ఏ క్రియకి ఏ రూపం అన్నది. "నన్ను నమ్ము"లో నన్ను చూసి బెని అని రాస్తావు, కాదు, బనా ఇనాన్. "నన్ను చూడు" బనా బక్. "నిన్ను అడిగాను" సనా సోర్దుమ్. భయపడటానికి బెన్దెన్, నా నుంచి. ఇది ఉర్దూలో ముఝ్ సే డర్‌నా కాబట్టి నాకు ఇట్టే వచ్చింది, తెలుగులో "నాకు భయపడకు" అంటాం కాబట్టి మీకు కష్టం. కోసం అనడానికి "ఇచిన్", దాని ముందు బెన్ కాదు బెనిమ్ రావాలి, బెనిమ్ ఇచిన్, సెనిన్ ఇచిన్, కానీ ఒన్లార్ ఇచిన్ మాత్రం ఒట్టిగానే. ఎందుకు అంటే నాకు తెలియదు, పంతులు గారు చెప్పాలి.

బెన్ దె, బెందె కూడా చూసుకో. విడిగా రాస్తే నేను కూడా, కలిపితే నా దగ్గర. టర్కీవాళ్లే మెసేజుల్లో తప్పు రాస్తుంటారు, మనం రాస్తే కొంప మునగదు.

పాలమూరు పక్షి:

బనా బక్ అంటే నాకు నవ్వొస్తుంది. సైట్‌లో రోజుకి యాభైసార్లు వినేవాణ్ణి. దానికి విభక్తి అక్కర్లేదు తమ్మీ, మన దగ్గర "నా దిక్కు చూడు" అనరా? దిక్కు అన్నచోటల్లా బనా, సనా వేసుకో, సగం క్రియలు దారికొస్తాయి. కాకపోతే బనా బక్ అని కొంచెం గట్టిగా అంటే "ఏయ్, ఇటు చూడరా" అన్నట్టు. చెల్లె, వాళ్లమ్మతో అది మాత్రం అనకు.

నకిరేకల్ అమ్మాయి:

అందరికీ మస్తు థ్యాంక్స్. నసిల్సిన్ సంగతి చదివాక తలుపేసుకుని కూచున్నా. పంతులు గారూ, "టీచర్ని" గురించి మా అమ్మకి చెబితే, ఇన్నేళ్లు మాట్లాడుతున్నా నాకే తెలియలేదు అంది.

దిక్కు చిట్కా వెంటనే పెట్టి చూశా, అందరికంటే ముందే ఓడిపోయా. "నిన్ను అడిగా" అంటాం, "నీ దిక్కు అడిగా" అనం కదా. అందుకే నిన్న వాళ్లమ్మకి పంపిన మెసేజ్‌లో తప్పు పోయిందనుకుంటున్నా. "తెయ్జె, నసిల్సినిజ్?" అని మర్యాదగా మొదలుపెట్టి, ఒక వంట గురించి మొన్న మిమ్మల్ని అడిగాను కదా అని గుర్తు చేద్దామని "సిజి సోర్దుమ్" అని పెట్టా. సిజె అనాల్సింది కదా? దిద్ది మళ్లీ పంపనా?

పాలమూరు పక్షి:

సిజె అనాల్సిందే. కానీ పంపకు. సిజి సోర్దుమ్ అంటే "మీ గురించి అడిగాను, మీ బాగోగులు కనుక్కున్నా" అని. ఆమె ఈపాటికి నీ గురించి చుట్టాలందరికీ చెప్పి ఉంటుంది.